నోటు మాట

పది రూపాయల నోటు మీద ఏం రాసివుందో మనలో ఎంతమంది చదివుంటాం? ఖర్చు పెట్టే తొందరే గాని చదివే తీరికెక్కడిది! ఈ నోటు తెచ్చినవారికి పది రూపాయలు చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరుగారు మాటిచ్చి సంతకం చేశారు. సరే, వెళ్లి అడిగామనుకోండి. ఏమిస్తారు? ఇంకో పది నోటు, లేదా చిల్లర!

ఈ వరస మా అమ్మమ్మకు బొత్తిగా నచ్చేది కాదు. ఆవిడది జహీరాబాదు దగ్గర మొగుడంపల్లి. నిజాం జమానాలో పుట్టిన మనిషి. రూపాయంటే ఆవిడకు హాలీ రూపాయే. దానిమీద చార్మినారు బొమ్మ, బండమీద వేస్తే ఖంగుమని మోత. "మోగనిది గూడ రూపాయేనా బిడ్డా!" అనేది.

హైదరాబాదు సంస్థానం 1918లోనే కాగితం నోట్లు వేసింది. అయినా ఇంట్లో దాచేది మాత్రం వెండే. ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయిలు ఆరింటికి హాలీవి ఏడు. ఈ లెక్క ఎవరో గాలిలోంచి తీసింది కాదు. కల్దారులో వెండి సుమారు 10.7 గ్రాములు, హాలీలో 9.1. భాగించి చూడండి, ఆరుకు ఏడే వస్తుంది.

తమాషా ఏమిటంటే, 1940లో కల్దారులో వెండి సగమైంది. 1947కల్లా వెండి పోయి నికెల్ వచ్చింది. అయినా 1950లలో హాలీని మార్చినప్పుడు కూడా అదే ఏడుకు ఆరు. వెండి పోయినా మాట మిగిలిందన్నమాట.

1957 నుంచి మన చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు దగ్గర కనీసం 200 కోట్ల నిల్వ ఉంటే చాలు. అందులో బంగారం 115 కోట్లదైనా ఉండాలి. తక్కినది విదేశీ ఆస్తులు. ఎన్ని లక్షల కోట్ల నోట్లు వేసినా అంతే! 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారం ఇవ్వడం ఆపేశాక, ఆ ముడి లోకమంతటా తెగిపోయింది.

అయితే అమ్మమ్మదే రైటా? మా అమ్మ చదువుకోసం ఆవిడ హాలీ మూట విప్పింది. కంసాలి గీటుపెట్టి చూశాడు, కల్తీ అన్నాడు, తరుగన్నాడు, తన త్రాసులో తూచి తన ధర కట్టాడు. ఆవిడ నోరెత్తలేదు. ఎత్తితే చదువాగిపోతుంది మరి. నోటుకు సర్కారు మాట కావాలి, నిజమే. వెండికి మాత్రం కంసాలి మాట అక్కర్లేదా?

అలాగని కాగితానికి హారతి పట్టమనను. 2016 నవంబరు 8 రాత్రి, మొగుళ్లకు తెలియకుండా పోపుల డబ్బాల్లో దాచిన అయిదువందల నోట్లు ఎంతమంది ఆడవాళ్లు బయటపెట్టాల్సివచ్చిందో మీకూ తెలుసు. వెండిని అలా ఒక్క రాత్రిలో చెల్లదనడం ఎవరి తరమూ కాదు.

మాట మీద నడవనిది ఏదీ లేదు. తేడా అల్లా ఒకటే. కంసాలి మాట నచ్చకపోతే ఇంకో కంసాలి దగ్గరికి పోవచ్చు. సర్కారు మాట నచ్చకపోతే ఇంకో సర్కారు కొట్టు పక్కవీధిలో ఉండదు. అందుకే ధరలు పెరిగినప్పుడల్లా కూరలవాడి మీద కోప్పడి ఊరుకోకండి. ఆ నోటు మీద మాటిచ్చిందెవరో ఒక్కసారి చదివి, వాళ్లనే అడగండి.