క్రింది స్వరం

సంగీతశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. తెలుగు ఎం.ఏ. చదివినవానికి సంగీతం కూడా తెలిసి ఉంటుందని విద్యార్థులు ఎందుకు భావించారో గాని, కొన్నేళ్ళ క్రితం వార్షికోత్సవ సందర్భాన పాటల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చుండబెట్టారు. క్షేత్రయ్య పదాలు పాఠం చెప్పేవానికి ఆ మాత్రం చెవి లేకపోదని నేనూ ఒప్పుకున్నాను.

ఆనాడు గుడివాడ వైపు నుండి వచ్చే ఇద్దరు విద్యార్థులు కలిసి ఒక పాట పాడారు. మొదటి చరణం బాగుంది. రెండవ చరణంలో ఒకడు పాటను నడిపిస్తుండగా, రెండవవాడు దానికి కాస్త దిగువన వేరే స్వరాలు అందుకున్నాడు. శ్రుతి తప్పాడనుకొని అయిదు మార్కులు తగ్గించాను. వారికి బహుమతి రాలేదు.

మరునాడు ఆ రెండవవాడు నా గదికి వచ్చి, వినయంగానే, "నేనెక్కడ తప్పాను సార్?" అని అడిగాడు.

"ఇద్దరూ ఒకే స్వరం పాడలేదు గదా!" అన్నాను.

"ఒకే స్వరం పాడకూడదనే కదండీ నెల రోజులు సాధన చేసింది" అన్నాడు. తమ చర్చిలో కొన్ని పాటలను నాలుగు గొంతులు నాలుగు వరుసలలో పాడతాయనీ, అన్నీ కలిస్తేనే పాట నిండుతుందనీ చెప్పాడు. నాకు సమాధానం తోచలేదు.

ఆ తరువాత చదివాను, తెలిసినవారిని అడిగాను. స్వరాలు ఒకదాని వెంట ఒకటి నడిస్తే మెలొడీ. వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికి పొందిక కుదిరితే హార్మొనీ. షడ్జం, అంతర గాంధారం, పంచమం — ఈ మూడింటి కంపన సంఖ్యలు 4, 5, 6 నిష్పత్తిలో ఉంటాయి. కనుకనే కలిపి పలికినా చెవికి ఇంపు. మన శంకరాభరణమూ పాశ్చాత్యుల మేజర్ స్కేలూ మెట్లలో ఒకటే, నడకలో వేరు. మన రాగానికి ప్రాణం గమకం. స్వరం ఊగుతుంది, జారుతుంది. అట్లా కదిలే స్వరం ప్రక్కన మరొక స్వరాన్ని జతగా నిలపడం కష్టం. మొవ్వవారి పదాన్ని తాపీగా పాడుతుంటే అందులో రెండవ గొంతుకు చోటెక్కడ? హార్మోనియం మెట్టు నొక్కితే స్వరం కదలదు. ఆ కారణం కూడా చెప్పి ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. (మన నాటకాలవారు మాత్రం దానిని విడిచిపెట్టలేదు!) గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల సినిమా పాటలలో గొంతు రాగాన్ని అనుసరిస్తుంటే, వెనుక వాద్యబృందం స్వరమేళనం చేయడం వినవచ్చు.

అయితే మన వద్ద రెండు స్వరాలు ఎన్నడూ కలవవా? తంబురాలో షడ్జ పంచమాలు ఎడతెగక మ్రోగుతూనే ఉంటాయి. మొహర్రం మజ్లిసులలో సోజ్ చదివేవారి ప్రక్కన కూర్చున్నవారు ఒకే స్వరాన్ని పట్టి ఉంచుతారు. దానిని 'ఆస్' అంటారు. చిన్ననాడు బందరులో నేనూ ఆస్ పట్టినవాడనే. చదివేవారి వరుసను అనుసరించలేదని నన్నెవరూ తప్పు పట్టలేదు. ఆ సంగతి మార్కులు వేసేటప్పుడు గుర్తుకు రాలేదు!

మార్కుల పట్టిక అప్పటికే కమిటీవారికి చేరింది. మరుసటి సంవత్సరం న్యాయనిర్ణేతగా ఉండనన్నాను. ఆ కుర్రవాడు ఇప్పుడు దివిసీమలో ఉపాధ్యాయుడని తెలిసి, నా పొరపాటును ఒప్పుకుంటూ ఉత్తరం వ్రాశాను. జవాబులో ఆ ప్రస్తావనే లేదు. బడి పిల్లలచేత రెండు గొంతుల పాట పాడించబోతున్నాననీ, అందరూ పై వరుసే కావాలంటున్నారనీ, క్రింది స్వరం పట్టడానికి ఒక్కరూ ఒప్పుకోవడం లేదనీ వ్రాశాడు.