కోట ఉంది, తోటే లేదు

మొన్న వేసవిలో అమ్మానాన్న జర్మనీ వస్తే ముందు హైడెల్‌బర్గ్ కోటకే తీసుకెళ్లా. ఎర్ర రాతి గోడలు, కప్పులేని కిటికీల్లోంచి ఆకాశం. ఫొటోలయ్యాక అమ్మ అడిగింది, "తోట అన్నావుగా, ఏదిరా?"

మేం నిలబడింది తోటలోనే. చుట్టూ ఉన్నది ఎక్కువగా గడ్డే.

ఇక్కడి పాలకుడు ఐదో ఫ్రెడరిక్, ఇంగ్లండ్ రాకుమారి ఎలిజబెత్ స్టువర్ట్‌లకి 1613లో పెళ్లయింది. ఇద్దరికీ పదహారేళ్లు! ఆమె పేరిట 1615లో ఓ గేటు కట్టించాడు. ఒక్క రాత్రిలో లేపారట. రెండు వారాల స్ప్రింట్‌లో ఒక్క బటన్ మార్చలేని నేను నమ్మను గానీ, గేటు మాత్రం ఇంకా ఉంది.

తోట పని సాలొమాన్ ద కో అనే ఇంజనీర్‌ది. కొండని మెట్లుమెట్లుగా తొలిచి ఫౌంటెన్లు, కృత్రిమ గుహలు ప్లాన్ చేశాడు. పని నడుస్తుండగా 1619లో ఫ్రెడరిక్‌కి బొహీమియా కిరీటం ఆఫరొచ్చింది. కుటుంబంతో ప్రాగ్ వెళ్లిపోయాడు. 1620 నవంబర్‌లో యుద్ధంలో ఓడి, కిరీటంతో పాటు ఉన్న రాజ్యమూ పోగొట్టుకున్నాడు. ఒక్క చలికాలం ఏలినందుకు 'వింటర్ కింగ్' అని ఎగతాళి. అదే ఏడాది ద కో తోట బొమ్మలన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. అందులో తోట పూర్తయిపోయి ఉంటుంది! ప్రాజెక్ట్ ఆగింది, డాక్యుమెంటేషన్ మిగిలింది.

కోటని 1689లో, 1693లో ఫ్రెంచ్ సైన్యాలు కూల్చాయి. బాగుచేసుకుంటుంటే 1764లో పిడుగు పడింది.

నాన్నకి యుద్ధాలు పట్టలేదు. "మరి వాళ్లు తిరిగొచ్చారా?" అన్నారు.

"లేదు నాన్నా. ఆయన 1632లో మైంజ్‌లో పోయాడు. కొడుకు 1649లో వచ్చాడు."

"తోట?"

"పూర్తి చేయలేదు."

తెనాలిలో మా డాబా మీద పిల్లర్ల చువ్వలు ఆరేళ్లుగా పైకి లేచి ఉన్నాయి. నాకోసం పై పోర్షన్. తుప్పు పట్టకుండా నాన్న ఏటా సిమెంట్ పాలు పూస్తారు. రెండేళ్లలో వచ్చేస్తానని చెప్పింది నేనే. ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేశానని మాత్రం చెప్పలేదు.

తిరుగు రైల్లో చెప్పా.

నాన్న కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే చువ్వలు కోయించేస్తా. వానొస్తే అక్కణ్నుంచే కారుతోంది" అన్నారు.

"ఏమండీ, ఓ రెండు ఉంచండి," అంది అమ్మ. "బట్టల తీగ కట్టుకుంటా."