ఒక పూట

ఆ సోమవారం మా పనిమనిషి గిన్నెలు తోముతూ తోముతూ కళ్ళు తిరిగి కుళాయి దగ్గరే కూలబడింది. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మావారి బీపీ మిషను తెచ్చి చూశాను. పైది 170!

"బిళ్ళలు వేసుకోవడం లేదూ?"

"అయిపోయి నెలయితుందమ్మా."

ఇంకేం, నాకు ఉపన్యాసం దొరికింది. హైదరాబాదులో బస్తీ దవాఖానాలు 2018 నుంచి ఉన్నాయి, డాక్టరు చూస్తారు, బిళ్ళలు ఊరికే ఇస్తారు, మీ సందు చివరే ఉందాయె, వెళ్ళడానికేం జబ్బు? ఎవరి ఒంటి సంగతి వాళ్ళు చూసుకోవద్దూ? బీపీ పైకి కనపడదు, లోపల్లోపలే గుండెనీ మూత్రపిండాలనీ పాడుచేస్తుంది... అన్నీ వారపత్రికల్లో చదివినవే లెండి.

ఓపిగ్గా అంతా విని, "తొమ్మిదింటికి తెరుస్తరమ్మా. గప్పుడు నేను మీ గిన్నెల కాడుంట. నాలుగింటికి మూస్తరు. గప్పుడు నాలుగో ఇంట్ల బట్టల కాడుంట" అంది. కోపంగా కాదు, బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది.

ఒకరోజు మానేసి వెళ్ళకూడదా అనబోయి నాలిక కరుచుకున్నాను. పోయిన నెల రెండు పూటలు రాలేదని జీతంలో కోసింది నేనే.

"పోనీ, ఉప్పన్నా తగ్గించు" అన్నాను, పరువు దక్కించుకోడానికి. ఆవిడ నవ్వి తన సంచీ వైపు చూసింది. అందులో పొద్దున నేనిచ్చిన డబ్బా ఉంది. రాత్రి మిగిలిన అన్నం, నిరుటి ఆవకాయ. పారెయ్యడమెందుకని వారానికి మూడుసార్లు ఇస్తూ, నా దానగుణానికి నేనే మురిసిపోతున్నాను. కూరలు కొనలేని ఇంట్లో ఆ ఊటే కూరని నాకు తోస్తేగా!

రేపు గుండెకేదైనా ముప్పొస్తే, ఆపరేషనుకి 2007లో పెట్టిన ఆరోగ్యశ్రీ ఉంది. ఆ ముప్పు రాకుండా ఆపే బిళ్ళకి డబ్బే అక్కర్లేదు, ఒక పూట కావాలి. ఆ పూట నా దగ్గరుంది.

"గిన్నెలు అలా వదిలేసి ఇప్పుడే వెళ్ళు" అన్నాను. వాటిని నేనే తోముకున్నాను. నడుం నొప్పి పుట్టిందని మావారితో రెండుసార్లు చెప్పుకున్నానుకూడా.

మర్నాడు బిళ్ళలు తెచ్చి చూపించింది. అయిపోగానే మళ్ళీ రమ్మన్నారట.

"మీరంటే పొమ్మన్నరు గానీ, రెండో ఇంటామె నిన్నటి పైసలు పట్టుకుంటనన్నదమ్మా."

రెండో ఇంటావిడ నా స్నేహితురాలే. ఈ సాయంత్రం పేరంటంలో కలుస్తుంది. వాయనం అందుకుంటూ ఈ మాట ఎలా కదపాలా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను.