కెమెరాను మార్చుటా? కంపెనీని మార్చుటా?

క్రొత్త యొక వింత, ప్రాత యొక రోత యని పెద్దలు చెప్పుదురు. చీరల విషయమున ఈ మాట యెంత సత్యమో మనకందఱకును దెలియును. కెమెరాల విషయమునను అంతే సత్యమని మేము ఈ సంవత్సరము నేర్చుకొంటిమి. మా యనుభవము సోదరీమణులలో కొందఱకైనను ఉపకరించునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమిద్దరము తోడికోడండ్రము. మా కాపురము కాకినాడలో. ఇంట కెమెరా యొక్కటియే; అది మా యిద్దరి సొత్తు. 2010 లో వెలువడిన నికాన్ డి7000 అను దానిని మఱుసటి యేడు మగవారు ముచ్చటపడి కొని తెచ్చిరి. రెండు నెలలు ఆడుకొని బీరువాలో పెట్టిరి. తరువాత దానిని వెలికి దీసి వాడుక చేసినది మేము. పిల్లల యక్షరాభ్యాసములు, ఆడుబిడ్డ పెండ్లి, గోదావరి పుష్కరములు, అన్నియు దానితో దీసినవే. దానితో కూడ వచ్చిన 18-105 కటకము, అనగా లెన్సు, ఒకటి. దూరపు వస్తువులకై కొన్న 70-300 కటకము ఒకటి. పెద్దకోడలు తన సొంత సొమ్ముతో కొనుకొన్న 50 మిల్లీమీటర్ల చిన్న కటకము ఒకటి. ఒక ఫ్లాష్ దీపము. ఇదియే మా యాస్తి.

గడచిన మాఘమున చిన్నకోడలి కుమార్తెకు కూచిపూడి రంగప్రవేశము జరిగినది. వేదికపై వెలుతురు మసక. పిల్ల తరంగమునకు ఇత్తడి పళ్లెరపు టంచులపై నిలిచి యాడుచుండగా దీసిన పటములలో ముప్పాతిక చెదరిపోయినవి. పైగా కెమెరాలోని యద్దము లేచి పడినప్పుడెల్ల టక్కుమని చప్పుడు. ముందు వరుసలోని పెద్దమనిషి రెండు మారులు వెనుదిరిగి చూచెను, మాకు తలవంపులయ్యెను. ఇది కెమెరా తప్పు గాదు. అది పదునైదేండ్లు మాకు చాకిరి చేసినది; మే మడిగిన పని దాని వయస్సునకు మించినది.

మఱియొక కారణమును గలదు. మా యత్తగారికి ఎనుబదియాఱేండ్లు. సాయంకాలము దీపము వెలిగించి గోడకు చేరగిలబడి కూర్చున్నప్పటి యామె ముఖము మాకు పటముగా కావలెను. ఫ్లాష్ వేసినచో ఆమె కన్నులు మూసికొనును. వేయనిచో పటము చీకటి. అట్టి సాయంకాలములు మఱి యెన్ని గలవో మాకు దెలియదు. కావున చీటి పాడగా వచ్చిన సొమ్ము, లక్షకు కొంచెము తక్కువ, క్రొత్త కెమెరాకు కేటాయించితిమి.

తగవు అక్కడ మొదలైనది. "అక్కయ్యా, ఈ మారు సోనీ కొందము. మా అన్నయ్యకు ఉన్నది, అతని లెన్సులు మనము అడిగి వాడుకొనవచ్చును" అని చిన్నకోడలు. "పదునైదేండ్లు అన్నము పెట్టిన చేతిని విడిచి పోవుదుమా? మన లెన్సులన్నియు ఏమగును?" అని పెద్దకోడలు. ఊరిలోని యొక దుకాణదారు నడుగగా, "కంపెనీ మార్చకండి, మీ లెన్సులన్నియు అట్లే పనికివచ్చును" అని యనెను. పెద్దకోడలు గెలిచితి ననుకొనెను. కాని ఆ మాట సగమే నిజమని తరువాత దెలిసినది.

కెమెరా సంగతి యెఱుగని సోదరీమణులకై ఒక పోలిక చెప్పుదుము. ఇండక్షను పొయ్యి మన వంటయిండ్లలోనికి వచ్చినప్పుడు ఏమి జరిగినదో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. అయస్కాంత మంటని గిన్నె దానిపై కాగదు. ఇత్తడి గిన్నెలును అల్యూమినియము గిన్నెలును అటకెక్కినవి. కొన్నది పొయ్యి, మారినది గిన్నెల యలమర. కెమెరాయు నట్టిదే. దాని మొగమున కటకమును బిగించు లోహపు వలయ మొకటి గలదు, మౌంటు అందురు. ఒక కంపెనీ వలయమున మఱియొక కంపెనీ కటకము సాధారణముగా అమరదు.

నికాన్ వారు 'ఎఫ్' అను వలయమును 1959 లో పుట్టించి, అరువది యేండ్లకు పైగా దానిపైననే కెమెరాలు చేసిరి. కెనాన్ వారు 1987 లో తమ పాత 'ఎఫ్‌డీ' వలయమును విడిచి 'ఈఎఫ్' అను దానిని దెచ్చిరి. నాడు ఆ కంపెనీనే నమ్ముకొని క్రొత్త కెమెరా కొన్నవారికిని క్రొత్త కటకములు కావలసి వచ్చెను. ఇటీవల అద్దము లేని కెమెరాలు వచ్చినవి. సోనీ వారి 'ఈ' వలయము 2010 నాటిది. నికాన్ వారి 'జెడ్', కెనాన్ వారి 'ఆర్ఎఫ్' 2018 నాటివి. అనగా మేము కంపెనీని మార్చకున్నను వలయము మాత్రము మారుచునే యున్నది! ఇది దెలిసినప్పుడు మా తగవు సగము చల్లారినది.

అయినను నికాన్‌లో ఒక యుపాయము గలదు. అద్ద మాడుటకు చోటు కావలెను గావున, పాత కెమెరాలో వలయమునకును చిత్రము పడు పలకకును నడుమ 46.5 మిల్లీమీటర్లు ఎడముండును. జెడ్ కెమెరాలో 16 మాత్రమే. మిగిలిన 30.5 మిల్లీమీటర్లను పూరించు గొట్టమును నికాన్ వారే ఎఫ్‌టీజెడ్ అను పేర అమ్ముదురు. దానితో పాత కటకము క్రొత్త కెమెరాకు తగులును. అయితే తగులుట వేఱు, పనిచేయుట వేఱు. మా 50 మిల్లీమీటర్ల కటకములో మోటారు లేదు. పాత కెమెరాలోని మోటారే ఒక మర ద్వారా దానిని త్రిప్పి ఫోకసు చేసెడిది. గొట్టములో మోటారు లేదు. కావున పెద్దకోడలు ప్రాణముగా చూచుకొను కటకమే తనంత తాను ఫోకసు చేయని దగును. దుకాణదారు చెప్పక విడిచిన సగము ఇదియే.

ఒకనాటి మధ్యాహ్నము భోజనములైన పిమ్మట కాగితము దెచ్చి నడుమ గీత గీచితిమి. నికాన్ జెడ్5 కొన్నచో: 70-300 సంపూర్ణముగా పనిచేయును, 18-105 చిన్న పలకకై చేసినది గావున పటము పది మెగాపిక్సెళ్లకు తగ్గును, ఆల్బమునకు చాలును, 50 చేతితో త్రిప్పుకొనవలెను, ఫ్లాష్ అట్లే యుండును, గొట్టము ఖర్చు అదనము. సోనీ కొన్నచో: మా కటకములును ఫ్లాషును అమ్మవలెను. విచారించగా కొన్నవెలలో మూడవవంతు కూడ వచ్చునట్లు లేదు. కాని అన్నయ్యగారి కటకములు రెండు ఎరువు దొరకును. ఇతర కంపెనీలవారు ఆ వలయమునకు చేసిన కటకములును విస్తారముగా దొరకును. ఎరువు సొమ్ము బరువు చేటను మాట పెద్దకోడలు అనబోయి, మఱది వరుసవానిని గూర్చి గదా యని మానినది.

కాగితముపై దెలియనివి కొన్ని గలవని, కొనకముందే రెంటిని చేత బట్టి చూచితిమి. అన్నయ్యగారి సోనీని ఒక ఆదివారము తెచ్చుకొంటిమి. జెడ్5 నొక స్టూడియోవారు దినమునకు అద్దె కిచ్చిరి. సోనీ కన్నును పట్టుకొను నేర్పు మెచ్చదగినది. పిల్ల ఎట్లు గంతులు వేసినను విడువదు. కాని మా వ్రేళ్లకు పాత యలవాటు అడ్డము వచ్చినది. నికాన్ కటకమును బిగించు దిక్కు వేఱు, సోనీది వేఱు, బిగించుచున్నామనుకొని విప్పుచుంటిమి. అలవాటు పదునైదు దినములలో మాఱునని చిన్నకోడలు అన్నది, అది నిజమే.

సాయంకాలము అత్తగారు దీపము వెలిగించిరి. పెద్దకోడలు తన 50 కటకమును గొట్టముతో జెడ్5 కు తగిలించి, చేతితో మెల్లగా త్రిప్పినది. ఫోకసు కుదిరిన చోట అంచులు రంగుతో మెఱయునట్లు ఆ కెమెరాలో నొక యేర్పాటు గలదు. అత్తగారి కనుఱెప్పల యంచు మెఱసినది. చప్పుడు లేదు. కెమెరాలోని పలకయే చేతివణకును సర్దుకొనును గావున, పటము చెదరలేదు. సోనీతో దీసినదియు బాగుగనే వచ్చినది. రెండును అత్తగారికి చూపి ఏది మేలని యడిగితిమి. "రెంటిలోను నా ముడుతలు లెక్కపెట్టవచ్చును. మీరు తగవులాడిన నెలలో నన్ను నూఱు పటములు తీసియుందురు గదే!" అని యామె నవ్విరి. మాకు మాట రాలేదు.

మేము జెడ్5 నే కొంటిమి. కంపెనీపై విశ్వాసముచేత గాదు. మా యొద్దనున్న కటకములలో ఎక్కువభాగము పనికివచ్చుట చేతను, మిగిలిన సొమ్ము ఆడపిల్ల చదువున కుంచుకొనవచ్చుననియు. మా యొద్ద కెమెరాతో వచ్చిన కటక మొక్కటే యుండినచో నిస్సందేహముగా సోనీ కొనియుందుము. కావున సోదరీమణులకు మేము చెప్పునది యిది: కెమెరాను చూచుటకు ముందు కటకముల పెట్టె తెఱచి చూడుడు, వానిలో ఏది క్రొత్తదానితో తగులునో గాక, ఏది పనిచేయునో అడుగుడు, ఒక దినము అద్దెకు దెచ్చి మీ యింటి వెలుతురులో, మీ వారి ముఖములపై పరీక్షింపుడు. నెలల తరబడి మాత్రము తర్కింపకుడు.

డి7000 ను అమ్మలేదు. అది ఇప్పుడు రంగప్రవేశము చేసిన పిల్ల చేతిలో నున్నది. 50 కటకము దానికి తగిలించినచో మునుపటివలె తనంత తానే ఫోకసు చేయుచున్నది. వారమున కొకనాడు, దీపము పెట్టు వేళకు, పెద్దకోడలు దానిని మనుమరాలి యొద్ద ఎరువు దెచ్చుకొని అత్తగారి యెదుట కూర్చుండుచున్నది.