వంతెన ఉంది, నది లేదు

పంపా అంటే కెచువా భాషలో మైదానమట. అర్జెంటీనాలో ఆ పేరే పెట్టుకున్న రాష్ట్రం లా పంపా. బ్యూనస్ ఎయిర్స్ నుంచి సుమారు 600 కిలోమీటర్లు రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లవారాక దాని రాజధాని శాంటా రోసాలో దిగాను. చుట్టూ గోధుమ చేలు, పొద్దుతిరుగుడు, పశువుల మందలు. ఇదంతా పచ్చిక సముద్రమే కదా అని మురిసిపోయాను. తొందరపడ్డానని మర్నాడు తెలిసింది.

పడమటికి పోయినకొద్దీ వాన తగ్గుతుంది. చేలు పోయి కల్దేన్ అనే ముళ్లచెట్లు వస్తాయి. మన జమ్మికి దూరపు చుట్టాలు. అవీ దాటితే ఇసుక, పొదలు, మేకలు. మరో 300 కిలోమీటర్లు పోయాక, శాంటా ఇసబెల్ ప్రాంతంలో ఓ వంతెన మీద కారు ఆగింది. కింద ఉప్పు పేరిన మట్టి.

"ఇదే అతువెల్ నది" అన్నాడు డ్రైవరు, నవ్వకుండా.

ఆండీస్ కొండల్లో పుట్టి ఎగువనున్న మెండోసా రాష్ట్రం మీదుగా రావాలి ఆ నది. 1940ల చివర అక్కడ నిహువిల్ ఆనకట్ట కట్టారు. అప్పటికి లా పంపా రాష్ట్రమే కాదు. కేంద్రం పాలించే ప్రాంతం. గవర్నరును అధ్యక్షుడే నియమించేవాడు. ఇక తగవు పెట్టేదెవరు? 1951లో రాష్ట్రహోదా వచ్చింది గాని, నీళ్లు రాలేదు. ఇప్పుడు 22 డిపార్టుమెంట్లు, అంటే మన జిల్లాల్లాంటివి, ఉన్నాయి. అతువెల్ రెండు రాష్ట్రాల నది అని సుప్రీంకోర్టు 1987లో చెప్పింది. సరిహద్దు దగ్గర సెకనుకు కనీసం 3.2 ఘనపు మీటర్లు పారాలని 2020లో ఆదేశించింది. వంతెన కింద మాత్రం నాకు చెమ్మ కనిపించలేదు.

దగ్గర్లోని ఓ మేకల కాపరి ఇంట మాతే అనే ఆకుకషాయం ఇచ్చారు. ఒకే బుర్ర, ఒకే లోహపు గొట్టం. అందరూ వంతులవారీగా పీల్చాలి. ఎంగిలి అని మనసు పీకింది, కాని కాదంటే మర్యాద కాదు. పైగా ఆ నీళ్లు ఎక్కడినుంచో మోసుకొచ్చినవి.

ఇంటి ముసలమ్మ ఏదో అడిగింది. డ్రైవరు ఇంగ్లీషులో చెప్పాడు: "మీ ఊరి నదిలో నీళ్లుంటాయా అంటోంది."

నేను కృష్ణ ఒడ్డువాణ్ణి.

"వానాకాలంలో ఉంటాయి" అన్నాను.