ఇంటి విత్తనం, ఇంటిల్లిపాదికీ భరోసా

కామారెడ్డి దాటి నిజామాబాద్ వైపు 44వ జాతీయ రహదారిపై వెళ్తే సదాశివనగర్ వస్తుంది. వానాకాలంలో ఈ ప్రాంతమంతా వరి, మొక్కజొన్న పొలాలతో పచ్చగా ఉంటుంది. అయితే ఇప్పుడు సాగయ్యే మొక్కజొన్న చాలావరకు సంకర రకమే. ఆ గింజను దాచి మరుసటి ఏడు విత్తితే పైరు ఒక్క తీరుగా రాదు, దిగుబడీ పడిపోతుంది. అందుకే ప్రతి తొలకరికీ రైతు విత్తనం కొనక తప్పదు. వాన కురవకముందే ఖర్చు మొదలవుతుంది. చిన్న రైతుకు చాలాసార్లు అప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

విత్తనం కొననక్కరలేని సేద్యాన్ని చూడాలని మేము ఎల్లారెడ్డి, నిజాంసాగర్ మీదుగా జహీరాబాద్ వైపు సాగాము. జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాని గ్రామ సంఘాల్లోని వారు అత్యధికంగా పేద దళిత మహిళలు, కొద్దిపాటి మెట్ట భూమి గల రైతులు.

అక్కడ ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అలసంద, నువ్వులు కలిసి పెరుగుతాయి. వాన వెనుకబడి ఒక పంట దెబ్బతిన్నా మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కలు నేలకు నత్రజనిని అందిస్తాయి. ఇంటికి తిండి, పశువుకు మేత ఆ చేనులోనే లభిస్తాయి.

విత్తనం బాధ్యత స్త్రీలదే. కోతకు ముందే బలమైన కంకులను ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో, కుండల్లో భద్రపరుస్తారు. విత్తనం లేనివారు సంఘం నిధి నుంచి తీసుకుని, పంట చేతికొచ్చాక అంతకు మించి తిరిగి జమ చేస్తారు. అలా ఇచ్చినకొద్దీ ఆ నిధి పెరుగుతుంది. పాత పంటల జాతరలో ఈ విత్తనాలు ఎడ్లబండ్లపై ఊరూరా తిరుగుతాయి. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇది చూసినప్పుడు మాకు సూరా యూసుఫ్ గుర్తుకు వచ్చింది. రానున్న ఏడేళ్ళ కరువుకు సిద్ధపడేందుకు, తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగిలినదాన్ని వెన్నులోనే ఉంచమని యూసుఫ్ (అలైహిస్సలాం) సలహా ఇచ్చారు. సమృద్ధి ఉన్న రోజుల్లోనే రేపటి ఆకలిని తలచుకోవాలని ఆ వృత్తాంతం నేర్పుతుంది.

సదాశివనగర్ రైతు మొక్కజొన్నను మానుకోవాలని మేము అనడం లేదు. పొలంలో ఒక మూల దేశవాళీ కంది, జొన్న వేసి, ఆ గింజను దాచుకుంటే చాలు. విత్తనాన్ని దాచుకునే, పంచుకునే హక్కును 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది. పెరడు మాత్రమే ఉన్నవారు ఒక బీరకాయనో, చిక్కుడు కాయనో తీగపైనే ముదరనివ్వవచ్చు. పంటపై ఉష్ర్ చెల్లించే కుటుంబాలు, దానికి అదనంగా, పొరుగున ఉన్న పేద రైతుకు ఒక శేరు మంచి విత్తనం ఇవ్వవచ్చు. దానమిచ్చిన అన్నం ఆ పూట ఆకలి తీరుస్తుంది. దానమిచ్చిన విత్తనం, అల్లాహ్ తలిస్తే, ఏటేటా పండుతుంది.