తాళం ఇచ్చాం, వేసుకోవడం మీ ఇష్టం

సాఫ్ట్‌వేర్లో బగ్గులు రెండు రకాలు. చేయాల్సిన పని చేయకపోవడం ఒకటి, చేయకూడని పని చేసేయడం రెండోది. మొదటి రకాన్ని వెతకక్కర్లేదు, కస్టమరే ఫోన్ చేసి మరీ చెప్తాడు. రెండోదాని గురించి ఎవరూ చెప్పరు.

నేను పనిచేసేది నెట్‌వర్క్ లాగిన్ల మీద. ఇంట్లో చెప్పాలంటే "పాస్‌వర్డు కరెక్టో కాదో చూసే సాఫ్ట్‌వేర్". "అంతేనా? దానికి అంతమంది ఎందుకురా?" అంటుంది మా అమ్మ. ఎందుకంటే మా దాంట్లో ఆ రెండో రకం బగ్గే ప్రమాదం. సరైన పాస్‌వర్డు కొట్టినవాణ్ణి లోపలికి రానివ్వకపోతే పది నిమిషాల్లో టికెట్ వస్తుంది, గంటలో మేనేజరు వస్తాడు. తప్పు పాస్‌వర్డు కొట్టినవాణ్ణి రానిచ్చేస్తే? వచ్చినవాడు "మీ సాఫ్ట్‌వేర్లో పొరపాటుందండీ, నన్ను రానిచ్చేసింది" అని టికెట్ పెట్టడు కదా!

ఉదాహరణకి లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ సంగతి చూడండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్లు రాసుకోవడానికి వాడే లైబ్రరీల్లో అదొకటి. పద్ధతి ప్రకారం క్లయింటు "నన్ను పరీక్షించు" అనాలి, సర్వరు పరీక్షించి "సరే, పాసయ్యావు" అనాలి. ఆ లైబ్రరీతో రాసిన సర్వరుకి, క్లయింటే మొదట "పాసయ్యాను" అనే మెసేజ్ పంపిస్తే "ఓహో, అలాగా" అని లోపలికి రానిచ్చేసేది. పరీక్ష రాయకుండానే మార్కుల లిస్టు మనమే రాసుకెళ్ళి ఇచ్చినట్టన్నమాట. 2014లో వచ్చిన 0.6 వెర్షన్‌తో దూరిన ఈ తప్పు 2018 అక్టోబరులో గానీ సరికాలేదు. నాలుగేళ్ళూ అందరి లాగిన్లూ చక్కగా పనిచేశాయి మరి, అనుమానం ఎవరికొస్తుంది?

ఇది కోడ్ తప్పు. దొరికింది, దిద్దారు, అయిపోయింది. నేను చెప్పాలనుకుంటున్నది ఇంతకన్నా మొండి రకం గురించి. మందు కనిపెట్టి కూడా ఇరవై నాలుగేళ్ళు రోగి చేత మింగించలేకపోయిన రకం. దాని పేరు రేడియస్.

ఈ పేరు వినకపోయినా మీరు దాన్ని వాడే ఉంటారు. ఆఫీసు వీపీఎన్, కాలేజీ వైఫై, ఇంటి బ్రాడ్‌బ్యాండు, నెట్‌వర్క్ టీమ్ వాళ్ళు రౌటర్లలోకి లాగిన్ అవడం, వీటిలో చాలావాటి వెనక ఉండేది రేడియస్సే. 1991లో అమెరికాలో లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ డయలప్ కనెక్షన్ల కోసం తయారు చేసింది. మొదటి ఆర్ఎఫ్‌సీ 1997లో వచ్చింది, అంటే అదీ నేనూ ఇంచుమించు ఒకే ఈడువాళ్ళం. పేరులోనే ఇప్పటికీ 'డయల్ ఇన్' ఉంది. మోడెమ్ కూత నేనెప్పుడూ స్వయంగా వినలేదు గానీ, దాని కోసం పుట్టిన ప్రోటోకాల్ మీద జీతం తీసుకుంటున్నాను.

ఇదెలా పనిచేస్తుందో చెప్పాలంటే మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని తలుచుకోండి. గేటు దగ్గరికి ఎవరో వస్తారు. పంపాలో వద్దో వాచ్‌మన్ తేల్చడు, చీటీ మీద పేరు రాసి మూడో అంతస్తులో ఓనరుగారికి పంపిస్తాడు. ఆయన "పంపించు" అనో "వద్దు" అనో రాసి, కింద ముద్ర వేసి తిప్పి పంపుతాడు. వాచ్‌మన్ అంటే స్విచ్చో వీపీఎన్ డబ్బానో. ఓనరు అంటే రేడియస్ సర్వర్. వాళ్ళిద్దరికే తెలిసిన రహస్య పదం ఒకటుంటుంది. జవాబుకి ఆ పదాన్ని చివర తగిలించి, మొత్తానికి ఎండీ5 హ్యాష్ తీస్తే వచ్చేదే ముద్ర. రహస్యం తెలియనివాడు ముద్ర వేయలేడు. 1991లో అది సబబైన ఆలోచనే.

లోటల్లా ఎక్కడంటే, ముద్ర జవాబుకే ఉంది. వాచ్‌మన్ పైకి పంపే చీటీకి లేదు. దారిలో ఎవరైనా దాని మీద ఏదైనా గీసినా ఓనరుకి తెలిసే వీల్లేదు.

పెద్దలు ఇది గమనించలేదా అంటే, గమనించారు. 2000 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2869లో మెసేజ్-ఆథెంటికేటర్ అని ఒక కొత్త అంశం చేర్చారు. చీటీకి కూడా ముద్ర, అదీ హెచ్‌మ్యాక్ పద్ధతిలో, ఇంకా గట్టిది. కొత్తగా వస్తున్న ఈఏపీ పద్ధతికి దాన్ని తప్పనిసరి చేశారు. పాత పద్ధతులకి మాత్రం "కావాలంటే పెట్టుకోండి" అన్నారు. 2007లో ఆర్ఎఫ్‌సీ 5080 ఇంకో అడుగు వేసి "పెట్టుకోవడం మంచిది" అంది. ఆర్ఎఫ్‌సీల భాషలో "మంచిది" అంటే ఏమిటో మనందరికీ తెలిసిందే. మన ఊళ్ళో "హెల్మెట్ పెట్టుకోవడం మంచిది" అన్నట్టే.

ఈలోగా ఎండీ5 పని అయిపోతూ వచ్చింది. ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు సందేశాల్ని 2004లో షియావోయున్ వాంగ్ బృందం చూపించింది. 2008లో పరిశోధకులు ఎండీ5 లోపంతోనే నకిలీ సర్టిఫికెట్ అథారిటీని సృష్టించి చూపించారు. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే మాల్వేర్ మైక్రోసాఫ్ట్ సంతకాన్ని ఈ దారిలోనే ఫోర్జరీ చేసింది. అయినా రేడియస్ లోకంలో ధీమా ఏమిటంటే, "మన ముద్రలో రహస్యం కలుస్తుంది కదా, మనకేం కాదులే".

2024 జులైలో ఆ ధీమా పోయింది. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ, మైక్రోసాఫ్ట్, క్లౌడ్‌ఫ్లేర్‌లకి చెందిన పరిశోధకులు కలిసి బ్లాస్ట్‌రేడియస్ అనే దాడిని బయటపెట్టారు. అపార్ట్‌మెంట్ భాషలో చెప్తాను. దొంగ కావాలనే తప్పు పేరు చెప్తాడు. జవాబు "వద్దు" అనే వస్తుందని వాడికి ముందే తెలుసు, ఆ "వద్దు" ఎలా రాసి ఉంటుందో కూడా తెలుసు. "వద్దు" పక్కన ఒక పిచ్చిగీత, "పంపించు" పక్కన ఇంకో పిచ్చిగీత పెట్టి, రెంటికీ ఎండీ5 ఒకేలా వచ్చేట్టు లెక్క కడతాడు. మొదటి గీతని పైకెళ్ళే చీటీ మూల ఇరికిస్తాడు. చీటీ మూల ప్రాక్సీ-స్టేట్ అనే గడిలో ఏముంటే అది జవాబులో యథాతథంగా తిరిగి రాయాలని రేడియస్ రూలు. ఓనరు పాపం రూలు ప్రకారం "వద్దు" రాసి, ఆ గీతనీ దించి, ముద్ర వేసి పంపుతాడు. దొంగ దారిలో ఆ ముద్రని "పంపించు" చీటీకి అతికిస్తాడు. ముద్ర సరిపోతుంది, గేటు తెరుచుకుంటుంది.

రహస్య పదం దొంగకి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఎండీ5 సందేశాన్ని ముక్కలు ముక్కలుగా మింగుతూ పోతుంది. ఒక చోట రెండు సందేశాల లోపలి స్థితి కలిసిందంటే, ఆ తర్వాత రెంటికీ ఒకే తోక తగిలిస్తే ఫలితం కూడా ఒకటే. రహస్యం చివర్లో ఉంది కాబట్టి అదీ తోకే. ముందే కలిపి ఉంటే కథ వేరేగా ఉండేది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ దాడికి స్విచ్చుకీ సర్వరుకీ మధ్య దారిలో దూరాలి, ఎక్కడో కూర్చుని చేసేది కాదు. పరిశోధకుల లెక్కకి కొన్ని నిమిషాలు పట్టింది, మామూలు టైమవుట్లు అంతకన్నా తక్కువే. కానీ మంచి హార్డ్‌వేర్ ఉంటే ఆ సమయం తగ్గుతుందని వాళ్ళే అన్నారు. ఈఏపీ వాడే వైఫైలకి దీనితో ఇబ్బంది లేదు, 2000లోనే వాటికి ముద్ర తప్పనిసరి చేశారు కాబట్టి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన, కోపం తెప్పించిన విషయం కూడా ఇదే. ఒకే ప్రోటోకాల్, ఒకే మందు. తప్పనిసరి అన్న చోట రోగం రాలేదు. మీ ఇష్టం అన్న చోట వచ్చింది.

ఫిక్స్ కూడా అదే పాత మందు. సర్వర్లు ఈ లాగిన్ జవాబులన్నిటిలో మెసేజ్-ఆథెంటికేటర్‌ని మొట్టమొదటి అంశంగా పెట్టాలి. చీటీల్లో అది లేకపోతే ఒప్పుకోకూడదు. "మొట్టమొదటి" అనడంలో తమాషా ఉంది. జవాబు మొదట్లోనే దొంగ ఊహించలేని పదహారు బైట్లు వస్తాయి కాబట్టి ముందుగా లెక్క కట్టడం కుదరదు. ఆ అంశాన్ని పట్టించుకోని పాత క్లయింటుకి కూడా దీంతో రక్షణే. హెచ్‌మ్యాక్‌లో ఉన్నదీ ఎండీ5 యేగా అని అడుగుతారేమో, అందులో రహస్యం మొదట్నుంచీ కలుస్తుంది కాబట్టి ఈ ఎత్తు పారదు.

ఎక్కువమంది వాడే ఓపెన్‌సోర్స్ సర్వర్ ఫ్రీరేడియస్ అప్పుడే 3.2.5 వెర్షన్ విడుదల చేసింది. అందులో తప్పనిసరికి అవును, కాదులతో పాటు 'ఆటో' అని మూడో సెట్టింగ్ ఉంది. ఒక క్లయింటు నుంచి మొదటి ప్యాకెట్‌లో ముద్ర కనిపిస్తే ఇక నుంచి దానికి తప్పనిసరి చేస్తుంది. కనిపించకపోతే లాగిన్లు ఆపదు, కానీ లాగ్‌లో గట్టిగా గోల పెడుతుంది.

ఆ జులైలో మా దగ్గర జరిగిన గొడవ కూడా దీని మీదే. కోడ్ మార్పు చిన్నదే. డిఫాల్ట్ ఏముండాలన్న దాని మీద మాత్రం వారం రోజులు మీటింగులు. ఒక కస్టమర్ దగ్గర తయారీదారు ఎప్పుడో వదిలేసిన పాత డబ్బాలున్నాయి, వాటికి కొత్త ఫర్మ్‌వేర్ రాదు. "ఈ చెక్ మొత్తం ఆపేసే బటన్ ఒకటివ్వండి చాలు" అన్నారు. నేను కుదరదన్నాను. ముద్ర ఉంటే చూస్తాం, లేకపోతే వదిలేస్తాం అంటే, దొంగ ముద్ర తీసేసి పంపిస్తాడు, అంతేగా! లేనప్పుడు వదిలేసే చెక్ అసలు చెక్కే కాదు.

మా సీనియర్ ఒకాయన నెమ్మదిగా అన్నారు, "నువ్వన్నది నిజమే. కానీ అర్ధరాత్రి లింకు పడిపోయి, మన అప్‌డేట్ వల్ల వాళ్ళ రౌటర్లోకి వాళ్ళే వెళ్ళలేకపోతే? పొద్దునకల్లా ప్యాచ్ తీసేస్తారు. ఇంకెప్పుడూ మన ప్యాచ్ వేయరు." దానికి నా దగ్గర జవాబు లేదు. ప్యాచ్ అంటే భయం పుట్టించడం కూడా సెక్యూరిటీ సమస్యే.

చివరికి తేలింది ఇది. డిఫాల్ట్ తప్పనిసరి. మొత్తం ఆపేసే బటన్ లేదు. మినహాయింపు కావాలంటే ఒక్కో డబ్బాకి విడివిడిగా, దాని ఐపీ రాసి, గడువు తేదీ వేసి ఇవ్వాలి. ఆ లిస్టు రోజూ వెళ్ళే రిపోర్టులో మొదటి పేజీలో రావాలి. గోల చేశారు గానీ ఒప్పుకున్నారు. లిస్టు తగ్గుతూ వచ్చింది. ఇంకా సున్నా కాలేదు.

తేదీ వేయడం మేము కనిపెట్టిందేమీ కాదు. జీరోలాగన్ గుర్తుందా? విండోస్ డొమైన్ కంట్రోలర్‌కి అన్నీ సున్నాలు పంపుతూ పోతే, సగటున 256 ప్రయత్నాల్లో ఒకసారి లోపలికి రానిచ్చేసేది. మైక్రోసాఫ్ట్ 2020 ఆగస్టులో ప్యాచ్ ఇచ్చి, పాత పరికరాలకి కొంత వెసులుబాటిచ్చి, 2021 ఫిబ్రవరి నుంచి అందరికీ తప్పనిసరి చేసింది. ఆర్నెల్లు. రేడియస్‌కి ఇరవై నాలుగేళ్ళు. తేడా తెలివిలో లేదు, క్యాలెండర్ మీద గీత గీసేవాడు ఉన్నాడా లేడా అన్నదాంట్లో ఉంది. రేడియస్‌కి అలాంటి ఒక్క యజమాని లేడు. ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి భయం వాళ్ళది. 2025లో ఎండీ5ని పూర్తిగా తీసేసే ఆర్ఎఫ్‌సీ 9765 కూడా వచ్చింది, కానీ అదీ టీఎల్‌ఎస్ మీద నడిపేవాళ్ళకి, కావాలనుకున్నవాళ్ళకి.

"మాది లోపలి నెట్‌వర్కే కదా, మధ్యలోకి ఎవడొస్తాడు" అని చాలామంది అంటారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఫిషింగ్ మెయిల్ నొక్కిన ఒక్క లాప్‌టాప్ చాలు, దొంగ ఇంటివాడైపోవడానికి.

కాబట్టి మీ ఆఫీసులో రేడియస్ చూసుకునేవాళ్ళుంటే రెండు ప్రశ్నలు అడగండి. సర్వర్ వెర్షన్ 2024 జులై తర్వాతదేనా? మెసేజ్-ఆథెంటికేటర్ లేకుండా వస్తున్న డబ్బాలెన్ని, వాటి పేర్లేమిటి? రెండో ప్రశ్నకి "చూసి చెప్తాం" అంటే లాగ్ ఎవరూ చదవట్లేదని అర్థం. ఇక మనం రాసే కోడ్‌లో సెక్యూరిటీ చెక్‌కి ఆఫ్ బటన్ అడిగినప్పుడల్లా, ఇవ్వకతప్పకపోతే, దాని పక్కన ఒక తేదీ కూడా అడుగుదాం. ఏమంటారు?